తెరెజీన్ పిల్లల బొమ్మల వెంట

గురువారం, ప్రాగ్

డ్రెస్డెన్‌లో పొద్దున్నే రైలెక్కితే రెండున్నర గంటల్లో ప్రాగ్ చేరుకోవచ్చు. చాలాదూరం ఎల్బే నది పక్కనే వస్తుంది. సరిహద్దు దాటాక చెక్‌ వాళ్ళు దాన్నే లాబె అంటారు. ఒడ్డున కొండలు, ద్రాక్షతోటలు, ఎర్ర పెంకుల ఇళ్ళు. ప్రాగ్ ఇంకో గంట ఉందనగా మా రైలు బొహుషోవిత్సె అనే చిన్న స్టేషన్లో ఆగకుండా దూసుకుపోయింది. ఆ బోర్డు కనబడగానే చెప్పమని మా అమ్మాయిని అడిగి పెట్టుకున్నాను. "అమ్మా, అదిగో" అనేలోపే దాటిపోయింది. 1941 నవంబరు నుంచి యూదుల్ని నింపుకొచ్చిన రైళ్ళు ఆగింది ఇక్కడే. దిగినవాళ్ళు, ముసలివాళ్ళూ పసివాళ్ళూ సహా, మూటలు మోసుకుంటూ మూడు కిలోమీటర్ల దూరంలో, నాజీలు గెట్టోగా, అంటే యూదుల నిర్బంధ వాడగా, మార్చిన తెరెజీన్ కోటకు నడిచేవారు. 1943 జూన్‌లో ఖైదీల చేతనే పట్టాలు వేయించి రైలును కోట లోపలికి తీసుకెళ్ళేదాకా అదే దారి.

నేను కర్నూలు జిల్లాలో సర్కారు బడిలో డ్రాయింగు టీచర్ని. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచాక బళ్ళు మళ్ళీ తెరిచినప్పుడు మా పిల్లలు వారాల తరబడి ఒకే బొమ్మ గీశారు: కిటికీల దాకా నీళ్ళున్న ఇల్లు. ఆ పిల్లలతో ఏం మాట్లాడాలో నేను చదివిన ఏ శిక్షణలోనూ లేదు. అప్పటినుంచి కష్టంలో ఉన్న పిల్లలకు బొమ్మలు నేర్పినవాళ్ళ గురించి దొరికినదల్లా చదువుతూ వస్తున్నాను. అలా తెలిసిన పేరే ఫ్రీడల్ డికర్-బ్రాండైస్, తెరెజీన్‌లో ఖైదీగా ఉంటూ పిల్లలకు బొమ్మలు నేర్పిన చిత్రకారిణి. వేసవి సెలవుల్లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను కాబట్టి, ఆమె పనిచేసిన చోటు చూడకుండా వెనక్కి పోకూడదనుకున్నాను.

ముందుగా వెళ్ళింది పాత యూదుల పేటలోని పింకాస్ సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనాలయానికి. లోపల గోడల నిండా పేర్లే. నేటి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియా ప్రాంతాల్లో నాజీలు చంపిన దాదాపు 80,000 మంది యూదుల పేర్లు, పుట్టిన తేదీలు, వాళ్ళు బతికి ఉన్నట్టు ఆఖరిసారి తెలిసిన తేదీలు. వాత్స్‌లావ్ బోష్టీక్, యిర్జీ యాన్ అనే ఇద్దరు చిత్రకారులు 1950ల్లో ఈ గోడలకు పేర్లు ఎక్కించారు. 1968 తర్వాత భవనం మూతపడింది. నేల తడి పాకి అక్షరాలు పాడయ్యాయి. 1990ల్లో మళ్ళీ రాశారు. 2002లో వల్తావా నది పొంగి ఇక్కడికీ వచ్చింది, మళ్ళీ బాగుచేయాల్సి వచ్చింది. వరద చూసిన ఊరిదాన్ని కాబట్టి ఆ గోడ ముందు ఎక్కువసేపే నిలబడ్డాను. తడిసిన గోడ ఆరడానికి ఎన్ని నెలలు పడుతుందో, మళ్ళీ అక్షరం అక్షరం రాయడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు.

పిల్లల బొమ్మలు మేడ మీద ఉన్నాయి. తెరెజీన్‌లో గీసిన దాదాపు 4,500 బొమ్మలు ప్రాగ్ యూదు మ్యూజియం దగ్గర భద్రంగా ఉన్నాయి, కొన్నే ఇక్కడ ప్రదర్శనకు పెట్టారు. కుండీలో పువ్వులు, సీతాకోకచిలుకలు, పండగ భోజనానికి పరిచిన బల్ల, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ. పొగగొట్టంలోంచి పొగ వచ్చే ఇల్లు, ఆ ఇంటికి దారి. పక్కనే మూడంతస్తుల చెక్క పడకలు, అన్నం కోసం వరస, తుపాకీ పట్టిన కాపలావాడు. కింద చిన్న చీటీ మీద బిడ్డ పేరు, పుట్టిన ఏడు. చాలా చీటీల మీద చివర చనిపోయిన ఏడు 1944 అని ఉంటుంది.

ఒక టీచరుగా నా కన్ను ముందు వెళ్ళింది కాగితం మీదికి. గీతల ఫారాలు, లెక్కల పుస్తకాల్లోంచి చించిన పుటలు, ఒకవైపు అచ్చు వేసి ఉన్న ఆఫీసు కాగితాలు. అంకెల గడులున్న కాగితాన్నే చించి కొండలుగా, ఆకాశంగా అంటించిన కొలాజ్‌లు ఉన్నాయి. ఏ గడి ఎక్కడికి రావాలో ఆ పిల్ల ఆలోచించే అతికించింది. దిక్కులేక దొరికింది అంటించిన పని కాదది. దానికి వెనక పాఠం ఉంది, పాఠం చెప్పినవాళ్ళున్నారు.

శుక్రవారం, తెరెజీన్

ప్రాగ్‌లోని హోలెషోవిత్సె స్టాండు నుంచి బస్సు. గంట ప్రయాణం. దిగింది ఒక మామూలు ఊరి నడిబొడ్డున. చెట్లున్న చౌరస్తా, చర్చి, కొలబద్ద పెట్టి గీసినట్టున్న తిన్నని వీధులు. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1780లో కట్టడం మొదలుపెట్టిన కోట ఇది, తల్లి మరియా థెరీసా పేరు పెట్టాడు. యుద్ధానికి ముందు సైనికులతో కలిపి సుమారు 7,000 మంది ఉండే ఊరు. 1942 సెప్టెంబరుకు అందులో 58,000 మందిని కుక్కారు. మూడున్నరేళ్ళలో సుమారు 1,40,000 మంది ఇక్కడికి వచ్చారు. 33,000 మందికి పైగా ఆకలితో, జబ్బులతో ఇక్కడే పోయారు. దాదాపు 88,000 మందిని ఇక్కడి నుంచి ఆష్విట్జ్ అనే హత్యా శిబిరం తదితర చోట్లకు పంపి చాలావరకు చంపేశారు. ఇప్పుడు ఆ ఇళ్ళలో మళ్ళీ జనం కాపురముంటున్నారు. బాల్కనీలో బట్టలు ఆరేశారు. ఒకామె సైకిల్ మీద కూరగాయలు తీసుకుపోతోంది.

గెట్టోలో పిల్లలకు చదువు చెప్పడం నిషేధం. పాటలు, బొమ్మలు, చేతిపనులు మాత్రం చేయించవచ్చు. ఆ సందులోంచే అక్కడి పెద్దలు లెక్కలు, చరిత్ర, సాహిత్యం అన్నీ దూర్చారు. ఎవరైనా వస్తున్నారంటే పుస్తకాలు దాచి పాట ఎత్తుకునేవారు. వీలైనంతవరకు పిల్లల్ని వేరే భవనాల్లో ఉంచారు. కాస్త మెరుగైన తిండీ, కాస్త వెలుతురూ వాళ్ళకు దక్కాలని ఖైదీల్లోని పెద్దలే అలా చేసుకున్నారు. ఆడపిల్లల ఇల్లు ఎల్-410. మగపిల్లల ఇల్లు ఎల్-417, ఒకప్పటి బడి. 1991 నుంచి అదే గెట్టో మ్యూజియం.

ఫ్రీడల్ ఇక్కడికి 1942 డిసెంబరులో భర్త పావెల్‌తో కలిసి వచ్చింది. ఒక్కొక్కరికి 50 కిలోల సామాను అనుమతి. ఆమె తనకు దక్కిన బరువులో ఎక్కువభాగం కాగితాలకు, రంగులకు ఇచ్చింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్ళు. వియన్నాలో పుట్టి, వైమార్‌లోని బౌహౌస్ అనే కళల బడిలో చదివి, ఇళ్ళ లోపలి అలంకరణలో, నాటకరంగంలో, నేతలో పేరు తెచ్చుకున్న మనిషి. 1934లో కమ్యూనిస్టు కార్యకలాపాల పేరుతో అరెస్టయ్యి, ప్రాగ్‌కి వచ్చి, నాజీల జర్మనీ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ పిల్లలకు బొమ్మలు నేర్పింది. పాలస్తీనాకు వెళ్ళిపోయే వీసా దొరికినా వెళ్ళలేదు.

ఎల్-410లో ఆమె తరగతి ఎలా నడిచేదో బతికి బయటపడ్డ శిష్యులు తర్వాత చెప్పారు. ముందు లయ. బల్ల మీద ఆమె దరువు వేస్తుంటే పిల్లలు ఆ దరువుకు చేయి కదుపుతూ గీతలు, సున్నాలు, వంకీలు గీయాలి. బొమ్మ ఇంకా మొదలుకాదు. భుజం వదులవ్వాలి, ఊపిరి దారికి రావాలి. తర్వాత ఒక వస్తువు చూపించేది, లేదంటే ఒక కథ చెప్పి అందులోని వస్తువుల్ని గీయమనేది. మహాచిత్రకారుల బొమ్మల నకళ్ళు చూపించి, చీకటి ఎక్కడుంది, వెలుగు ఎక్కడుందో కాగితం ముక్కలతో అంటించమనేది. అయ్యాక కాగితం మీద పేరు రాయమనేది. అక్కడ ప్రతి మనిషికీ రవాణా నంబరు, అంటే ఖైదీల్ని తరలించే రైలు జాబితాలోని నంబరు, ఒకటి ఉండేది. ఆమె గదిలో ఆ నంబరు పనికిరాదు.

ఆకలితో ఉన్న పిల్లకు దరువు దేనికని చాలామంది అడుగుతారు. నాకు మాత్రం అది వెంటనే బోధపడింది. వరద తీశాక మా వీధి ఆడవాళ్ళు బురద కడిగి ముందు చేసిన పని వాకిట్లో ముగ్గేయడం. చుక్కలు పెట్టి, చుక్కల చుట్టూ గీత తిప్పుతుంటే చేతి వణుకు తగ్గడం చూశాను. భయం మాటల్లో ఉండదు, ఒంట్లో ఉంటుంది. బాంబు మోత విన్న పిల్లకు ఆ సంగతి కథలాగా గుర్తుండదు. మోతగా, వాసనగా, కడుపులో పట్టేసినట్టుగా గుర్తుంటుంది. దాన్ని వరసగా చెప్పమంటే చెప్పలేదు. చేతికి పని ఇచ్చి, ఒంటికి నెమ్మది ఇచ్చాక, ఎప్పుడో ఒకనాడు అది కాగితం మీదికి వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు.

1943లో తోటి టీచర్ల కోసం ఆమె పిల్లల బొమ్మల మీద ఒక ఉపన్యాసం ఇచ్చింది. పిల్లల్ని చిత్రకారుల్ని చేయడం తన పని కాదంది. వాళ్ళలోని శక్తికి దారి తీయడం, పెద్దల తొందరను వాళ్ళ మీద రుద్దకపోవడం తన పనంది. నేను ఇంతదూరం వచ్చింది ఈ ముక్క కోసమే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలిసివచ్చిందీ ఇదే: బాధపడ్డ పిల్లను ఆ బాధే గీయమని అడగకూడదు. పత్రికల వాళ్ళకు ట్యాంకుల బొమ్మలు కావాలి, విరాళాలు అడిగేవాళ్ళకు నెత్తురు బొమ్మలు కావాలి. ఆ పిల్లకు ఏనుగు గీయాలని ఉండవచ్చు. ఆ గంట ఆమెది.

దీనికి ఎదురుగా ఇంకో దారి కూడా ఇదే ఊళ్ళో ఉండేదన్నది దాచకూడదు. పన్నెండేళ్ళ హెల్గా వైసోవా ఇక్కడికి రాగానే మంచుబొమ్మ చేస్తున్న పిల్లల్ని గీసి, వేరే బారక్‌లో (పాత సైనిక వసతి భవనంలో) ఉన్న తండ్రికి పంపింది. చూసిందే గీయమని ఆయన తిరిగి కబురు చేశాడు. అక్కడి నుంచి ఆమె గెట్టో జీవితాన్ని సుమారు వంద బొమ్మల్లో నమోదు చేసింది, బతికింది, పెద్ద చిత్రకారిణి అయింది. తన బిడ్డ సత్తా ఎరిగిన తండ్రి చెప్పిన మాట అది. గదినిండా ఉన్న, ఎవరి లోపల ఏముందో తెలియని పిల్లలకు టీచరు చెప్పాల్సిన మాట అది కాదని నేననుకుంటాను.

మ్యూజియం కింది అంతస్తు పిల్లలకే కేటాయించారు. ఈ ఎల్-417లో మగపిల్లలు 'వెదెమ్' అని చేతిరాత పత్రిక నడిపారు. శుక్రవారం రాత్రుళ్ళు అందరూ కూర్చుని చదువుకునేవారు. దాని సంపాదకుడు పెత్ర్ గింజ్. చంద్రుడి మీది కొండల మధ్య నుంచి చూస్తే భూమి ఎలా కనబడుతుందో పెన్సిలుతో గీశాడు. 1944లో ఆష్విట్జ్‌లో చంపేసేనాటికి అతనికి 16 ఏళ్ళు. ఆ బొమ్మ నకలును ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ 2003లో కొలంబియా నౌకలో వెంట తీసుకెళ్ళాడు. మన కల్పనా చావ్లా ప్రయాణించిన నౌకే. అది కూలిన ఫిబ్రవరి 1న, బతికి ఉంటే, పెత్ర్‌కి 75 ఏళ్ళు నిండేవి. మా అమ్మాయి అప్పుడు చిన్నపిల్ల, కల్పన ఫొటో కత్తిరించి అట్టకు అంటించుకుంది. ఈ సంగతి చదివి చాలాసేపు మాట్లాడలేదు.

మాగ్డెబర్గ్ బారక్స్‌లో సంగీతం, నాటకం, చిత్రకళల గదులున్నాయి. హాన్స్ క్రాసా రచించిన పిల్లల ఒపెరా 'బ్రుండిబార్'ను ఇక్కడ 55 సార్లు ఆడారు. పాడే పిల్లల్ని రవాణాలో పంపేస్తుంటే కొత్తపిల్లలకు నేర్పి మళ్ళీ ఆడేవారు. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు వస్తున్నారని నాజీలు ఊరికి రంగులు వేయించి, పూలమొక్కలు నాటించి, వాళ్ళకూ ఈ ఒపెరా చూపించారు. అతిథులకు చోటు చాలినట్టు కనబడాలని అంతకుముందే వేలమందిని ఆష్విట్జ్‌కి పంపేశారు. పిల్లల కళను ఇంత నీచానికి వాడుకోవడం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు సెప్టెంబరు చివర్లో పావెల్‌ని రవాణాలో పంపారు. ఫ్రీడల్ తానూ వెళ్తానని పేరు రాయించుకుంది. అక్టోబరు 6న రైలెక్కింది, 9న ఆష్విట్జ్‌లో ఆమెను చంపేశారు. పావెల్ బతికాడు. వెళ్ళేముందు పిల్లల బొమ్మల్ని రెండు పెట్టెల్లో సర్దింది. ఆడపిల్లల ఇంటి బాధ్యత చూసిన విలీ గ్రోగ్ యుద్ధం ముగిశాక ఆ పెట్టెల్ని ప్రాగ్‌లోని యూదు సమాజానికి అప్పగించాడు. అందులోని పేర్లలో అత్యధికం చనిపోయిన పిల్లలవే. బొమ్మలు ఎవరి ప్రాణాన్నీ కాపాడలేదు, ఆమె అలా అనుకోనూలేదు. ఒక పిల్లను వారంలో ఒక గంట తన సొంత పేరుతో ఉండనివ్వడం వ్యర్థమా అని అడిగితే, కాదని నేను ఏ సభలోనైనా చెప్తాను.

సాయంత్రం వెలుతురుండగానే లాబె వంతెన దాటి లితోమ్యెర్జిత్సెకి నడిచాం. మూడు కిలోమీటర్లు. రాత్రి బస అక్కడే.

శనివారం, లితోమ్యెర్జిత్సె

విశాలమైన చౌకు, చుట్టూ కమానుల వరండాలు, మధ్యలో వారపు సంత. ఈ ఊరికి రావాలనుకున్న కారణం వేరు. ఫ్రాంజ్ చిజెక్ 1865లో ఇక్కడే పుట్టాడు. పిల్లలకు గురువు గీసింది చూసి దించడం కాకుండా, పిల్లలు పిల్లల్లాగే గీయనివ్వాలని పట్టుబట్టి 1897లో వియన్నాలో బాలల తరగతి పెట్టినవాడు. నేటికీ మన బళ్ళలో బోర్డు మీద మామిడికాయ వేసి దించమంటున్నాం, ఆయన ఆ రోజుల్లోనే వద్దన్నాడు. ఫ్రీడల్ వియన్నాలో ఆయన దగ్గర చదివింది, తర్వాత యోహానెస్ ఇట్టెన్ దగ్గర. ఊపిరితో, ఒంటి కదలికతో పాఠం మొదలుపెట్టే పద్ధతి ఇట్టెన్‌ది. చిజెక్ పుట్టిన ఊరికి నడిచివెళ్ళేంత దూరంలో, గెట్టో గోడల లోపల, ఆ ఇద్దరి విద్యా ఒకటై పనిచేసింది.

అక్కడితో ఆగలేదు. వియన్నాలో, ప్రాగ్‌లో ఫ్రీడల్ దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రామర్ 1938లో న్యూయార్క్ చేరింది. అక్కడి విల్ట్‌విక్ బడిలో మనసు చెదిరిన మగపిల్లలతో ఏళ్ళ తరబడి బొమ్మలు వేయించింది. ఆర్ట్ థెరపీ (బొమ్మల ద్వారా మనసుకు చికిత్స) అనే వృత్తికి పునాది వేసినవారిలో ఒకరిగా 2014లో కన్నుమూసింది. బొమ్మను కిటికీగా చేసుకుని లోపలి సంగతులు మాట్లాడించాలని మార్గరెట్ నామ్‌బర్గ్ లాంటివాళ్ళు అంటే, బొమ్మ వేయడంలోనే మనసుకు కుదురు ఉంది, మాట తర్వాత అన్నది క్రామర్ పక్షం. రెండూ ఇవాళ వాడుకలో ఉన్నాయి. నా మొగ్గు క్రామర్ వైపే.

మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గదులు సర్దే ఆమెది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్. 2022లో కొడుకుతో వచ్చేసిందట. ఇంగ్లీషు కొంచెం వచ్చు. నేను బొమ్మల టీచర్నని మా అమ్మాయి చెప్పగానే, పిల్లవాడు వచ్చిన కొత్తలో గీసిన బొమ్మల్ని ఫోనులో చూపించింది. అన్నీ మెట్రో రైళ్ళు. ఖార్కివ్‌లో దాడుల నుంచి తలదాచుకుని వేలమంది మెట్రో స్టేషన్లలోనే పడుకున్నారని మనం వార్తల్లో చూశాం. ఇదంతా మర్చిపోవాలంటే వేరేది గీయమని చెప్పాలా, లేక అక్కడ ఏం జరిగిందో అడగాలా అన్నది ఆమె ప్రశ్న.

రెండూ వద్దండీ అన్నాను. రైలు గీస్తుంటే పక్కన కూర్చోండి. పెట్టెలెన్ని, రంగేమిటి, ఎవరెక్కుతారు అనండి. బొమ్మలో ఉన్నదాని గురించే మాట్లాడండి. చింపుకుంటే చింపుకోనివ్వండి, దాచమంటే దాచండి, వాడికి చెప్పకుండా ఎవరికీ చూపించకండి. నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం, మాట తగ్గడం నెలల తరబడి ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి, శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. కాగితం, రంగులు వైద్యానికి బదులు కావు.

మధ్యాహ్నం పిల్లవాడే వచ్చాడు. నా స్కెచ్ పుస్తకం చూసి తనకో పుట ఇమ్మన్నట్టు చేయి చాపాడు. నేను చౌకు గీస్తున్నాను, వాడు నా పక్కన కూర్చుని రైలే గీశాడు. స్టేషన్ మెట్ల మీద ఒక కుక్కను వేశాడు. తల్లి ఆ కుక్కను చూసి, అది వాళ్ళ పక్కింటివాళ్ళదని చెప్పి, కళ్ళు తుడుచుకుని పనికి వెళ్ళింది. పేరు రాయమని నేను సైగ చేస్తే వాడు తన లిపిలో పెద్దక్షరాలతో రాశాడు.

ఆదివారం, మళ్ళీ ప్రాగ్

రైలుకు రెండు గంటల టైముంది. ప్రధాన స్టేషన్ ఒకటో ప్లాట్‌ఫాం మీద నికొలాస్ వింటన్ విగ్రహం ఉంది. చంకలో ఒక బిడ్డ, పక్కన ఒక పాప, ఒక పెట్టె. 1939లో ఆయన, ఆయనతో పనిచేసినవాళ్ళు 669 మంది పిల్లల్ని ఇక్కడి నుంచి ఇంగ్లండు పంపారు. సెప్టెంబరు 1న కదలాల్సిన ఆఖరి రైలు యుద్ధం మొదలవడంతో కదలలేదు. 2022లో ఉక్రెయిన్ తల్లులూ పిల్లలూ వేలాదిగా దిగింది ఇదే స్టేషన్లో.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే కొన్ని సంగతులు. పింకాస్ సినగాగ్‌కు శనివారం సెలవు. ముందు అక్కడ బొమ్మలు చూసి, మర్నాడు తెరెజీన్ వెళ్ళండి. టూర్ బస్సులు చిన్నకోట అనే గెస్టపో (నాజీ రహస్య పోలీసుల) జైలు దగ్గరే ఎక్కువసేపు ఆపి, ఊళ్ళో తక్కువసేపు తిప్పుతాయి. మీరు సొంతంగా వెళ్ళి గెట్టో మ్యూజియానికి, మాగ్డెబర్గ్‌కు కలిపి సగం రోజైనా ఉంచుకోండి. ఒకే టికెట్టుతో అన్నీ చూడవచ్చు. నడక ఎక్కువ, నీళ్ళు వెంట పెట్టుకోండి. పదేళ్ళు దాటిన పిల్లల్ని తీసుకెళ్ళవచ్చు. బొమ్మల ముందు వాళ్ళకు మీరు వివరించడం మొదలుపెట్టకండి. చూడనివ్వండి, అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పండి, సంచిలో ఒక తెల్లకాగితాల పుస్తకం, నాలుగు రంగులు ఉంచండి.